కాపురము లేని దాంపత్యము

చిఱుతపులి యనగానే మనకు దోచునది భయమే. నల్లమల యడవులలోను, శేషాచలపు కొండలలోను దిరుగు నీ మృగమును గూర్చి మనము వినుచుండునవి రెండే సంగతులు: మందలో మేకను గొనిపోయె ననియో, త్రోవ నడచువారిపై బడె ననియో. అది తన జతను ఎట్లు వెదకికొనునో, బిడ్డలను ఎట్లు కాపాడుకొనునో యెఱిగినవారు మనలో నరుదు. గడచిన సంవత్సరము ఆషాఢమాసమున, దక్షిణాఫ్రికా దేశమునందలి యొక యభయారణ్యములో, ఒక యాడుచిఱుతను మూడు దినములు దగ్గఱనుండి చూచు నవకాశము నాకు గలిగెను. ఇట్టి విషయము ఇల్లాండ్రు చదువు పత్రికలో వ్రాయదగునా యని మొదట సంకోచించితిని. కాని నే నచట జూచినది ముఖ్యముగా నొక తల్లి కథ. తల్లి కథను తల్లులకు జెప్పుటలో తప్పులేదని తోచి వ్రాయుచున్నాను.

సాబీసాండు అడవి

మా యక్కయ్యయు బావగారును జోహాన్నెస్‌బర్గు నగరమున నివసించుచున్నారు. నేను వారిని చూడబోయినప్పుడు అక్కయ్య నన్ను సాబీసాండు అడవికి దోడ్కొనిపోయెను. నగరమునుండి తూర్పుగా కారులో ఇంచుమించు 6 గంటల ప్రయాణము. సాబీ యనియు సాండు అనియు రెండు నదులు ప్రవహించుటచే ఆ ప్రదేశమునకు ఆ పేరు వచ్చినది. సుమారు 65,000 హెక్టారుల యీ యడవి ప్రభుత్వమువారిది కాదు. పలువురు భూస్వాములు తమ భూములను కలిపి మృగసంరక్షణకై యుంచినది. దీనికి తూర్పున, 1926 వ సంవత్సరమున నేర్పడిన క్రూగరు జాతీయవనము గలదు. రెంటికిని నడుమ నుండిన కంచెను 1993 లో తీసివేసిరి. నాటినుండి మృగము లటునిటు స్వేచ్ఛగా తిరుగుచున్నవి.

చిఱుతపులులకు ఈ యడవి ప్రసిద్ధి చెందినది. సామాన్యముగా చిఱుత మనుష్యుని కంటబడని జంతువు. ఊరి ప్రక్కనే నెలల తరబడి యుండియు ఎవరికిని గనబడకుండగలదు. కాని యిచటి చిఱుతలు మనుష్యుల బండ్లను లెక్కచేయవు. ఇందులకు గారణము కలదు. 1979 లో, ఈ యడవియందలి లోండొలోజి యను భాగమున, జాన్ వార్టీ యను నాతడును, అడుగుజాడలు తీయుటలో గొప్ప నేర్పరియైన ఎల్మన్ మ్లోంగో యను నాతడును ఒక యాడుచిఱుతను దూరమునుండి యోపికతో వెంబడించి చూడసాగిరి. వీరివలన తనకు హాని లేదని తెలిసికొనిన పిమ్మట అది వారిని దాపునకు రానిచ్చెను. తన పిల్లలను వారి కంటబడనిచ్చెను. తల్లి బెదరకుండుట చూచి పిల్లలును బెదరుట మానెను. అచటివారు దానికి "తల్లి చిఱుత" యని పేరిడిరి. నేడు అచటి మార్గదర్శులు ప్రతి చిఱుతను మీసముల వరుసకు పైనున్న చుక్కలనుబట్టి గుర్తింతురు. కొన్నింటి తల్లి, అమ్మమ్మ, ఆపై తరమువఱకును చెప్పగలరు.

మొదటి సాయంకాలము

మనకు ఆషాఢము వానకాలముగదా! అచట నది గడ్డు చలికాలము. వానలు లేని కాలము. గడ్డి యెండి, ఆకులు రాలి, పొదలలో దాగిన మృగము సులభముగా గనబడు దినములు. పైకప్పులేని యెత్తైన బండిలో మమ్ము గూర్చుండబెట్టి, ఒడిలో కంబళ్లు వేసిరి. బండి నడుపు మార్గదర్శి యొకడు. ముందుభాగమున ప్రత్యేకముగా నమర్చిన పీటపై కూర్చుండి జాడలు తీయువా డొకడు. ఇతడు షాంగాన్ తెగవాడు, నడివయస్సు దాటినవాడు, మితభాషి. ఇసుకలోని గుర్తులను మనము ముగ్గు చూచి చుక్కలు లెక్కించినంత తేలికగా నాతడు చదువుచుండెను.

ప్రొద్దు వాలుచుండగా ఱంపముతో మ్రాను కోయుచున్నట్టి యొక మోటుధ్వని వినబడెను. కోయుట, ఆగుట, మరల కోయుట. "చిఱుత పిలుచుచున్నది" అని మార్గదర్శి మెల్లగా జెప్పెను. జాడలు తీయువాడు చేయి చూపిన దిక్కునకు బండి మరల్చితిమి. ఎండిన యేటి యిసుక యొడ్డున ఒక పుట్టపై మగచిఱుత పండుకొనియుండెను. మెడ బలిసి, తల పెద్దదై, చూచుటకు అడవికి తానే యజమాని యన్నట్లుండెను. దాని చుట్టును ఒక సన్నని యాడుచిఱుత తిరుగుచుండెను. ఈ ప్రాంతమున మగది 60 కిలోల యెత్తు తూగిన, ఆడుది 40 కిలోలకు లోబడియే యుండును.

నేను పుస్తకములలో జదివినదానికి ఇది విరుద్ధముగా దోచెను. వెంటబడినది మగది కాదు, ఆడుది. అది మగదాని మూతికి తన ప్రక్కను రాచుచు పోవును, తోకతో దాని ముఖమును తాకును, అది కదలకున్న పంజాతో తట్టును, ఎదుట సాగిలబడును. మగది విసుగుకొని గుఱ్ఱుమనును. అయినను ఆడుది విడువదు.

అక్కయ్య నా చెవిలో, "మనవారు ఆషాఢమున క్రొత్తదంపతులను వేఱుచేయుదురు. పాపము, వీరికి ఆషాఢము లేదు కాబోలు, చెల్లీ!" అనెను. మే మిరువురమును కొంగులు నోటి కడ్డము పెట్టుకొని నవ్వుకొంటిమి.

తుదకు మగది లేచెను. వాటి సమాగమము కొన్ని క్షణముల పని మాత్రమే. మగది ఆడుదాని మెడను పండ్లతో బట్టుకొనెను. ఆ పట్టులో కాటు లేదట. పిమ్మట చెవులు దద్దరిల్లునట్లు గర్జించి, ఆడుది గిఱ్ఱున దిరిగి మగదాని ముఖముపై పంజా విసరెను. మగది యొక్క గంతులో తప్పుకొనెను. నేను నిజముగా బెదరిపోతిని. మఱుక్షణమున ఆడుది నేలపై పొరలి, ఏమియు జరుగనట్లు పంజా నాకుకొనసాగెను. పావుగంట గడచునప్పటికి మరల లేచి మగదాని చుట్టు దిరుగ నారంభించెను.

ఆ కోపమునకు గారణమును మార్గదర్శి మర్యాదగా వివరించెను. పిల్లిజాతి మగజంతువుల యంగమునకు వెనుకకు వంగిన చిన్న ముండ్లవంటివి యుండును. విడిపోవునప్పుడు అవి ఆడుదానికి బాధ కలిగించును. కాని యీ జాతిలో అండము చాలవఱకు తనంతట విడుదల కాదు. పలుమాఱులు సమాగమము జరిగినగాని దేహమున ఆ మార్పు కలుగదు. అందుచే ఒక వారమువఱకు నుండు ఆ ఋతుకాలమున రేయింబవళ్లు, పావుగంట కొకమాఱుగా, జంట కలిసికొనుచునే యుండును. ఆ దినములలో వేటపై వానికి ధ్యాస తక్కువ. ఇంత జరిగియు గర్భము నిలువక పోవుటయు తఱచే.

అక్కయ్య కోపము

రాత్రి విడిదిలో మంటచుట్టు గూర్చుండియుండగా మార్గదర్శి ఆ యాడుచిఱుత కథను జెప్పెను. అంతకు రెండు నెలలకు ముందు దానికి మూడు నెలల పిల్లలు రెండు గలవు. వాని తండ్రియని తలపబడిన ముసలి మగచిఱుత ఆ ప్రాంతమున గనబడుట మానినది. దక్షిణమునుండి ఒక క్రొత్త మగచిఱుత వచ్చి యా నేలను ఆక్రమించినది. ఒకనాటి యుదయమున పొదయొద్ద ఆ మగదాని జాడలును, చచ్చిన పిల్ల యొకటియు గనబడినవి. రెండవ పిల్ల మరల గానరాలేదు. తల్లి మూడు దినములు ఆ చుట్టుపట్లనే తిరుగుచు, మెల్లని ధ్వనితో పిలుచుచుండెనట.

"ఆ క్రొత్తమగది ఏది?" అని నే నడిగితిని.

"ఈ సాయంకాలము మీరు చూచినదే, అమ్మా" అని యాతడు చెప్పెను.

అక్కయ్య ముఖము మాఱిపోయెను. చేతిలోని తేనీటి గిన్నెను క్రింద బెట్టి, "ఛీ! కన్నబిడ్డలను జంపినవాని వెంట తానే పడుటయా? మ్రొక్కి మోకరించుటయా? ఇదేమి తల్లి!" అని తెలుగులో నాతో ననెను. ఆ మాట లాతనికి అర్థము కాకున్నను భావము అర్థమయినది. తల వంచుకొని యుండెను. నాకును మనస్సు కలతపడెను. సాయంకాలము మేము నవ్విన నవ్వు నోటిలో చేదయ్యెను. ఆ రాత్రి అక్కయ్య, రేపు చిఱుతలను జూడరానని చెప్పి పడుకొనెను.

మరునాడు ఆమె వచ్చినది. ఆమెను బలవంతపెట్టవలసిన పని నాకు లేకపోయెను. కంబళి కప్పుకొని, మాటాడక, బండిలో నా ప్రక్క గూర్చుండెను. ఆ దినమెల్ల జంట అచటనే యుండెను. మేము మొదటినాడు చూచినదే మరల జూచితిమి, కాని నవ్వలేదు.

ఏటి యావలి యొడ్డు

మూడవనాటి ప్రాతఃకాలమున పుట్టపై మగది యొక్కటియే నిద్రించుచుండెను. ఆడుది లేదు. జాడలు తీయువాడు బండి దిగి, యిసుకలో కొంతదూరము నడచి, ఏటి యడ్డముగా బోయిన చిన్న యడుగులను జూపెను. అరగంట వెదకిన పిమ్మట ఆవలి యొడ్డున ఎండుగడ్డిలో దానిని గనుగొంటిమి. అచట నది ఒంటరిగా లేదు. చెవి చినిగిన మఱియొక మగచిఱుత దానితో నుండెను. ఆ నేల యా రెండవదానిది. ఆడుదాని తావు రెండు మగవాని సరిహద్దుల మీద నున్నదట. మొన్న నీవలి యొడ్డున జేసిన చేష్టలన్నియు నది ఇచటను జేయుచుండెను: రాచుట, తట్టుట, సాగిలబడుట.

అప్పుడు మార్గదర్శి బండి యాపి వెనుకకు దిరిగి మాకు జెప్పిన మాటలే ఈ వ్యాసమునకు ప్రాణము.

చిఱుతలకు కాపురము లేదు. మగది పిల్లలకు వేటాడి పెట్టదు; గుహ కాయదు. పిల్లల భారమంతయు తల్లిదే. తల్లి పిల్లలను బెంచుచున్నంతకాలము, అనగా ఒకటిన్నర రెండేండ్ల వఱకు, సాధారణముగా మరల గర్భము దాల్చదు. మగచిఱుత యొక నేలపై నిలువగలిగినది కొన్ని సంవత్సరములే. అంతలో దానిని తఱుమగల మఱియొకటి వచ్చును. కనుక క్రొత్తగా వచ్చిన మగది తనవి కాని పిల్లలను జంపును. పిల్లలు పోయిన తల్లి త్వరలో మరల ఋతుమతి యగును. ఈ యడవిలో బహువత్సరములు లెక్క వ్రాసినవారు, పుట్టిన పిల్లలలో స్వతంత్రముగా బ్రదుకు వయస్సునకు వచ్చునవి సగమున కంటె తక్కువయే యని కనుగొనిరి. సింహములవలనను, దుమ్ములగొండ్లవలనను కొన్ని చచ్చును. మగచిఱుతలచేత జచ్చునవియు తక్కువ గాదు.

ఇంత బలముగల శత్రువును తల్లి యెదిరించి నిలువజాలదు. తనకంటె ఒకటిన్నర రెట్లు బరువైన దానితో పోరి గాయపడినచో వేట సాగదు. వేట సాగకున్న తానును లేదు, పిల్లలును లేరు. ఇక మిగిలినది యుపాయమే. తాను గలిసిన యాడుదాని పిల్లలను మగచిఱుత చంపుట యరుదు. అందుచే పొరుగున బలముగల మగ వెన్ని యున్నవో వానినన్నిటిని ఆడుది తానే వెదకికొని పోవును. పుట్టబోవు పిల్లలు తనవే కావచ్చునని ప్రతి మగదియు వానిని విడిచిపెట్టవలెను. జంతుశాస్త్రజ్ఞులు దీనికి జెప్పు సమాధాన మిదియే. అంతేకాదు, కడుపుతో నున్నప్పుడును, పసిపిల్లలు పొదలో దాగియున్నప్పుడును గూడ ఆడుచిఱుత క్రొత్త మగదానికి ఎదురేగి, దానితో దినముల తరబడి తిరిగి, పిల్లలున్న దిక్కునకు బోకుండ జేసిన సందర్భములను ఈ యడవిలో చూచినవారు కలరు.

"మొన్న అది మ్రొక్కినది మగదానికి గాదు, అమ్మా! పుట్టబోవు బిడ్డల ప్రాణములకు" అని మార్గదర్శి ముగించెను.

అక్కయ్య చాలసేపు ఆ గడ్డివైపే చూచుచుండెను. పిమ్మట నా చేయి పట్టుకొని, "తొందరపడి మాట జారితిని, చెల్లీ!" అని మాత్రమనెను.

మన కొలతలు, వాని కొలతలు

సోదరీమణులారా! ఈ కథ చదివి, మృగముల నడవడిని మన నడవడికి ప్రమాణముగా దీసికొనుమని నేను చెప్పుటలేదు. మనకు ఇల్లు కలదు, ధర్మము కలదు, ఆపద వచ్చిన చెప్పుకొనుటకు నలుగురు కలరు. చిఱుతకు ఇవి యేవియు లేవు. అది యాలోచించి చేయుచున్న దనియు నేననను. లెక్కలేని తరములుగా ఇట్లు నడచుకొనిన తల్లుల పిల్లలే ఎక్కువగా బ్రదికి, ఆ నడవడి రక్తములో నిలిచినది. నేను చెప్పగోరున దొక్కటే. మన కొలతతో మఱియొక ప్రాణిని కొలిచి, ఒక సాయంకాలమున జూచినదానితో తీర్పు చెప్పరాదు. మూడవనాడు చూడకపోయినచో మేమును దానిని సిగ్గులేని తల్లి యనియే తలచి యింటికి వచ్చియుందుము.

ఈ తల్లుల సంగతి మఱియొకటి మీకు నచ్చును. సుమారు 100 దినముల గర్భము తరువాత, కన్నులు తెఱువని రెండు మూడు పిల్లలను చిఱుత కనును. వాసన పొక్కకుండ నోట గఱచుకొని, ఒక పొదనుండి మఱియొక పొదకు, ఒక ఱాతి సందునుండి మఱియొక సందునకు మార్చుచుండును. పిల్లలు పెరిగిన పిమ్మట మగపిల్ల దూరదేశము పట్టిపోవలసినదే. తండ్రియుండు నేలలో దానికి చోటులేదు. ఆడుపిల్లకు మాత్రము తల్లి తన తిరుగు నేలలోనే కొంత వదలి, తాను ప్రక్కకు జరుగుట కలదు. పుట్టినింటి పొలములో కూతునకు భాగ మిచ్చుట యన్నమాట! ఇందులకే అచట అమ్మమ్మ, తల్లి, మనుమరాలు ఇరుగుపొరుగున నుండుట తఱచు.

చూడబోవువారికి

ఈ యడవికి బోదలచువారు మే నెల మొదలు సెప్టెంబరు వఱకు గల వానలు లేని కాలమును చూచుకొనుట మేలు. అచటి యా కాలము చలికాలమే గనుక తెల్లవారుజామున ఉన్నిదుస్తులు, తలకు గుడ్డ తప్పనిసరి. పసిపిల్లలను చాల విడుదులలో బండి యెక్కనీయరు. బండిలో లేచి నిలుచుండరాదు, బిగ్గఱగా మాటలాడరాదు. లేచి నిలిచిన మనిషిని మృగము వెంటనే గుర్తించును. ఒక మృగమువద్ద రెండు మూడు బండ్లకు మించి నిలువకుండుట అచటి యాచారము. పసిపిల్లలున్న చోట ఇంకను జాగ్రత్త వహింతురు. మనము చూచు వేడుక దాని బిడ్డల ప్రాణములమీదికి రాకూడదుగదా! అంతదూరము పోలేనివారికి మన దేశముననే, రాజస్థానమునందలి జవాయి కొండలలో, పల్లెల ప్రక్కనే బ్రదుకు చిఱుతలను జూచు నేర్పాటు కలదు. అవియు నిదే జాతివి.

నేను స్వదేశమునకు వచ్చిన తరువాత అక్కయ్య ఆ మార్గదర్శి ద్వారా చిఱుత క్షేమమును తెలిసికొనుచునే యున్నది. మొన్న నామె వ్రాసిన జాబు అందినది. కార్తికమాసమున ఆ యాడుచిఱుత యేటి యొడ్డు ఱాళ్ల నడుమ బిడ్డలను గన్నదట. రెండు పిల్లలు. అవి ఇప్పుడు తల్లి వెంట నడచుచున్నవట. పుట్టపై నుండిన మగది యొకనా డాదారిని వచ్చి, పిల్లలను వాసన చూచి, తన త్రోవను తాను పోయెనట. తండ్రి ఆ మగదియో, ఆవలి యొడ్డున నుండు చెవి చినిగినదియో, చుక్కలన్నియు నెఱిగిన అచటివారును జెప్పలేకున్నారట.

జాబు చివర అక్కయ్య, ఊరి ముత్తైదువలు పురిటింటికి బోయినప్పుడు అను మాటనే వ్రాసినది: "ఆ తల్లి కడుపు చల్లగా నుండుగాక!"